తొమ్మిదేళ్లు ఆలస్యంగా ఆడిన ప్రేమకథ: ‘సనమ్ తేరీ కసమ్’ లెక్కల్లో ఏముంది?

క్లుప్తంగా: 2016 ఫిబ్రవరిలో విడుదలై వారం తిరక్కుండానే చల్లబడిన హిందీ ప్రేమకథ ‘సనమ్ తేరీ కసమ్’, 2025 ఫిబ్రవరిలో మళ్లీ థియేటర్లకు వచ్చి మొదటి రెండు రోజుల్లోనే పాత వసూళ్లన్నింటినీ దాటేసింది. సినిమాలో ఒక్క షాటు మారలేదు. మారినవి విడుదల వారం, టికెట్ ధర, పన్ను, చూడటానికి వచ్చిన మనుషులు. రెండు విడుదలల అంకెలను పక్కపక్కన పెట్టేముందు ఈ నాలుగింటినీ విడదీసి చూడాలి. అప్పట్లో పెదవి విరిచిన సమీక్షకులు తప్పు చెప్పారా అన్నది వేరే ప్రశ్న. దానికి వసూళ్ల పట్టికలో జవాబు దొరకదు.

2016 ఫిబ్రవరి: ఇరుకు వారం

రాధికా రావు, వినయ్ సప్రూ జంట దర్శకులు. సినిమాల కంటే ముందు మ్యూజిక్ వీడియోలతో పేరు తెచ్చుకున్నవాళ్లు. 2002లో ఊరూవాడా మోగిన ‘కాంటా లగా’ రీమిక్స్ వీడియో వాళ్లదే. 2005లో సల్మాన్ ఖాన్‌తో ‘లక్కీ’ తీశారు. ‘సనమ్ తేరీ కసమ్’కు హిమేశ్ రేషమ్మియా సంగీతం. హీరో హర్షవర్ధన్ రాణే తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. రాజమహేంద్రవరంలో పుట్టాడు, 2010లో ‘తకిట తకిట’తో ఇక్కడే తెరకెక్కాడు, 2012లో రవిబాబు ‘అవును’తో గుర్తింపు పొందాడు. హిందీ ప్రేక్షకుడికి మాత్రం 2016 నాటికి ఆ ముఖం కొత్త. హీరోయిన్ మావ్రా హొకేన్ పాకిస్తానీ టీవీ నటి, ఆమెకిదే తొలి హిందీ చిత్రం. అంటే పోస్టర్ చూసి టికెట్ కొనేలా చేసే పేరు అందులో ఒక్కటీ లేదు.

అలాంటి సినిమాకు మొదటి మూడు రోజుల్లో టాక్ పుట్టాలి, ఆ టాక్ పాకడానికి రెండో వారం దాకా స్క్రీన్లు మిగలాలి. 2016లో ఈ రెండోది దొరకలేదు. జనవరి 22న వచ్చిన ‘ఎయిర్‌లిఫ్ట్’ ఇంకా గట్టిగా నడుస్తోంది. ఫిబ్రవరి 5న ‘సనమ్ తేరీ కసమ్’తో పాటే సన్నీ దేవల్ ‘ఘాయల్ వన్స్ అగైన్’ దిగింది. సింగిల్ స్క్రీన్లు సహజంగానే అటు మొగ్గాయి. ఫిబ్రవరి 12న కత్రినా కైఫ్ ‘ఫితూర్’, టీ సిరీస్ వారి ‘సనమ్ రే’ వచ్చాయి. రెండూ ప్రేమకథలే. ‘సనమ్ తేరీ కసమ్’ వచ్చిన ఏడు రోజులకే ‘సనమ్ రే’ రావడం ఎంత ఇబ్బందో విడిగా చెప్పనక్కర్లేదు. బుకింగ్ కౌంటర్ దగ్గర ‘సనమ్’ అంటే ఏ సనమ్ అని అడగాల్సిన పరిస్థితి. ఇక 19న ‘నీర్జా’ వచ్చింది.

క్యాలెండర్ కూడా ఎదురు తిరిగింది. ఆ ఏడాది ప్రేమికుల దినోత్సవం ఆదివారం పడింది. ప్రేమకథకు అంతకంటే మంచి రోజు ఉండదు. కానీ ఆ ఆదివారానికి ఈ సినిమా పదో రోజులో ఉంది. రెండో శుక్రవారమే మంచి షోలు కొత్తవాటికి వెళ్లిపోయాయి. మిగిలినవి ఉదయం ఆటలు, ఊరి చివరి మల్టీప్లెక్సులు. మొత్తం రన్‌లో వచ్చిన దేశీయ నెట్, అంటే దేశంలో పన్ను పోగా మిగిలిన వసూలు, సుమారు 9 కోట్ల రూపాయలు. దానిమీద డిస్ట్రిబ్యూటర్ చేతికొచ్చే షేర్ నాలుగు, నాలుగున్నర కోట్ల దగ్గర ఆగిపోతుంది. పబ్లిసిటీకి పెట్టింది తీసేస్తే సినిమా తీసిన ఖర్చువైపు వెళ్లేది పెద్దగా ఏమీ మిగలదు. ట్రేడ్ (సినిమా వ్యాపార వర్గాల) భాషలో ఫ్లాప్ అనడానికి ఈ లెక్క చాలు.

సమీక్షకులు ఎత్తిచూపినవి

కథ ముక్కలో చెప్పుకోవచ్చు. సరస్వతి పార్థసారథి లైబ్రరీలో పనిచేసే తమిళ బ్రాహ్మణ యువతి. కళ్లద్దాలు, నూనె పెట్టి దువ్విన జుట్టు, పెళ్లి సంబంధాల్లో వరస తిరస్కారాలు. అదే బిల్డింగులో ఉండే ఇందర్ ఒళ్లంతా పచ్చబొట్లతో, జైలుకెళ్లొచ్చిన చరిత్రతో ఉంటాడు. ఆమె ‘అందంగా’ మారడానికి అతను సాయం చేస్తాడు, ఇంట్లోవాళ్లు అపార్థం చేసుకుని వెలివేస్తారు, ప్రేమ మొదలయ్యేసరికి జబ్బు బయటపడుతుంది, చివర మరణం. 1970 నాటి అమెరికన్ నవల ‘లవ్ స్టోరీ’ ఛాయలు స్పష్టంగా కనిపిస్తాయి.

అప్పటి సమీక్షల్లో ఎక్కువ భాగం పెదవి విరిచాయి. అభ్యంతరాలు మూడు చోట్ల పోగుపడ్డాయి. మొదటిది మేకోవర్. కళ్లద్దాలు తీసి జుట్టు విరబోసుకుంటే ఆడపిల్ల అందగత్తె అయిపోతుందన్న పాత సూత్రం. ఆ అద్దాల వెనక ఉన్న ముఖం ముందునుంచీ అందమైనదే అన్న సంగతి ప్రేక్షకుడికి తెలుస్తూనే ఉంటుంది కాబట్టి, ఆమెను అందరూ కాదనడం నమ్మశక్యంగా ఉండదు. రెండోది తమిళ కుటుంబాన్ని చూపిన తీరు. ఆచారాలు, మాట, తండ్రి మూర్ఖత్వం అన్నీ ముంబై సినిమా దక్షిణాదిని చూసే అలవాటు చొప్పున ఉన్నాయి. మూడోది నిడివి. రెండున్నర గంటలు దాటిన సినిమాలో రెండో సగం అంతా ఏడుపు మీదే నడుస్తుంది. ఒక విషాదం నుంచి తేరుకోకముందే ఇంకోటి వస్తుంది.

పాటలను మాత్రం దాదాపు ఎవరూ కాదనలేదు. టైటిల్ పాట అంకిత్ తివారీ, పలక్ ముచ్ఛల్ పాడారు. ‘తేరా చెహ్రా’ అరిజిత్ సింగ్‌ది. ‘హాల్ ఏ దిల్’ పాడింది మన శ్రీరామచంద్ర. సినిమా థియేటర్ల నుంచి వెళ్లిపోయాక కూడా ఈ పాటలు ఫోన్లలో ఉండిపోయాయి. తర్వాతి కథంతా అక్కడినుంచే మొదలవుతుంది.

అంకెలు చదివేముందు: గ్రాస్, నెట్, షేర్

ఇక్కడ తెలుగు పాఠకుడు ఒక్క నిమిషం ఆగాలి. మన ట్రేడ్ షేర్‌లో మాట్లాడుతుంది. నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఉత్తరాంధ్ర ఇంత అని బయ్యర్‌కు మిగిలింది చెబుతుంది. పోస్టర్ మీద మాత్రం ప్రపంచవ్యాప్త గ్రాస్, అంటే పన్ను తీయని మొత్తం టికెట్ వసూలు, వేస్తుంది. హిందీ ట్రేడ్ దేశీయ నెట్‌ను కొలబద్దగా పెట్టుకుంది. వాళ్లు ‘వంద కోట్ల క్లబ్’ అంటే దేశంలో పన్ను పోగా వచ్చిన వంద కోట్లు. మన పోస్టర్ మీద వంద కోట్లంటే పన్నుతో, విదేశాలతో కలిపి. ఒకే అంకె, రెండు వేర్వేరు ఎత్తులు.

ఒక టికెట్‌ను తీసుకుని చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 2025 ఫిబ్రవరిలో 150 రూపాయల టికెట్ కొన్నారనుకుందాం. వంద దాటిన టికెట్ మీద జీఎస్‌టీ 18 శాతం. 150లో 22 రూపాయల 88 పైసలు పన్ను. మిగిలిన 127 రూపాయల 12 పైసలు నెట్. మొదటి వారం మల్టీప్లెక్స్ వాటా సగం అనుకుంటే డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చేది 63 రూపాయల 56 పైసలు. ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు పడే కన్వీనియన్స్ ఫీజు ఈ లెక్కలోకి రానే రాదు. సగం అన్న మాట 2009 నాటిది. ఆ ఏడాది ఏప్రిల్‌లో నిర్మాతలకు, మల్టీప్లెక్సులకు మధ్య గొడవై రెండు నెలలు పెద్ద హిందీ సినిమాలు విడుదల కాలేదు. జూన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం డిస్ట్రిబ్యూటర్ వాటా మొదటి వారం 50 శాతం, రెండో వారం 42.5, మూడో వారం 37.5, ఆపైన 30. సినిమా ఎంత ఆలస్యంగా పుంజుకుంటే నిర్మాత వైపుకు అంత తక్కువ వస్తుందన్నమాట. నెమ్మదిగా టాక్ పాకే చిన్న ప్రేమకథకు ఇదొక శాపం.

ఇప్పుడు 2016కు వెళ్దాం. అప్పటికి జీఎస్‌టీ లేదు. రాష్ట్రానికో వినోదపు పన్ను. హిందీ సినిమాకు ఆయువుపట్టయిన మహారాష్ట్రలో అది 45 శాతం. 200 రూపాయల టికెట్‌లో పన్ను పోగా నెట్ సుమారు 138 రూపాయలు. అదే 200 రూపాయల టికెట్ 2025లో 18 శాతం పన్నుతో సుమారు 169 రూపాయల 50 పైసల నెట్ ఇస్తుంది. ప్రేక్షకుడు జేబులోంచి తీసింది అంతే, కానీ నెట్ అంకె 23 శాతం లావెక్కింది. పన్ను తక్కువున్న రాష్ట్రాల్లో ఈ తేడా ఇంత ఉండదు కానీ, దిశ మాత్రం అటే.

కాబట్టి ‘2016లో 9 కోట్ల నెట్, 2025 రీరిలీజ్‌లో 30 కోట్లకు పైన’ అని నేరుగా పోల్చడం సరికాదు. అలాగని ఘనతను కొట్టిపారేయడానికీ లేదు. 30 కోట్ల నుంచి పన్ను తేడాను దేశమంతా మహారాష్ట్రే అన్నంత కఠినంగా తగ్గించినా 24 కోట్ల పైచిలుకు మిగులుతుంది. టికెట్ సగటు ధర రెండుసార్లూ ఒకటే అనుకుంటే, 2016లో చూసినవాళ్లకు రెండున్నర రెట్లకు మించి జనం 2025లో వచ్చినట్టు. ఏ కోణంలో చూసినా ఇది చిన్న విషయం కాదు.

మధ్యలో తొమ్మిదేళ్లు

ఫ్లాపైన సినిమాకు థియేటర్ తర్వాత ఇంకో బతుకు ఉంటుంది. దాన్ని ట్రేడ్ పెద్దగా లెక్కలోకి తీసుకోదు, కొలవడానికి సాధనం లేదు కనుక. టీవీలో మధ్యాహ్నం పూట వచ్చే సినిమా, హాస్టల్లో లాప్‌టాప్‌లో చూసే సినిమా, రాత్రి పూట ఇయర్‌ఫోన్లో వినే పాట. వీటిలో దేనికీ నెట్ ఉండదు, షేర్ ఉండదు.

ఈ సినిమాకు ఆ బతుకులో అనుకూలించినవి కొన్ని ఉన్నాయి. దర్శకులు మ్యూజిక్ వీడియో నుంచి వచ్చినవాళ్లు కాబట్టి సన్నివేశాలు కూడా పాటల్లా తీశారు. నిండా వెలుతురు, వాన, ముఖాల మీద దగ్గరి షాట్లు, ఒక్క వాక్యంలో తేలిపోయే డైలాగులు. రెండున్నర గంటల సినిమాగా చూస్తే విసుగనిపించే ఈ పద్ధతి, ముప్పై సెకన్ల ముక్కగా కోస్తే అద్భుతంగా పనిచేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ రీల్‌కు ముందూ వెనకా కథ అక్కర్లేదు, ఏడుస్తున్న ముఖం, దాని వెనక పాట చాలు. 2016లో సమీక్షకులు లోపం అన్నదాన్నే ఈ కొత్త రూపం సరుకుగా మార్చుకుంది.

2016లో పన్నెండేళ్లున్న పిల్లకు 2025లో ఇరవై ఒకటి. మొదటిసారి థియేటర్‌కు వెళ్లే అవకాశం వాళ్లకు లేదు. వాళ్లకు ఇది ఒకరకంగా కొత్త సినిమాయే, కాకపోతే పాటలన్నీ ముందే నోటికొచ్చిన కొత్త సినిమా. ఏ నిర్మాత అయినా విడుదలకు ముందు పాటలు జనం నోళ్లలో నానాలని కోట్లు గుమ్మరిస్తాడు. ఇక్కడ ఆ పని తొమ్మిదేళ్లపాటు ఉచితంగా జరిగింది.

2024లో దారి కూడా పడింది. 2018లో అంతంతమాత్రంగా ఆడిన ‘లైలా మజ్ను’ ఆగస్టులో మళ్లీ వచ్చి, తొలి విడుదల కంటే ఎక్కువ వసూలు చేసింది. సెప్టెంబర్‌లో ‘తుంబాడ్’ వచ్చి పాత వసూళ్లకు రెట్టింపు పైన తెచ్చింది. మల్టీప్లెక్సులకు ఆ ఏడాది కొత్త హిందీ సినిమాల కొరత ఉంది. ఖాళీ స్క్రీన్‌లో ఏదో ఒకటి వెయ్యాలి. ‘సనమ్ తేరీ కసమ్’ను కూడా తిరిగి వెయ్యమని అభిమానులు సోషల్ మీడియాలో పట్టుబట్టారు, హీరో, దర్శకులు దాన్ని ముందుకు తోశారు.

2025 ఫిబ్రవరి 7: ఖాళీ వారం

తొలి విడుదలలో ఎదురు తిరిగిన క్యాలెండర్ ఈసారి కలిసొచ్చింది. అదే రోజు జునైద్ ఖాన్, ఖుషీ కపూర్‌ల ‘లవ్‌యాపా’ వచ్చింది, హిమేశ్ రేషమ్మియా హీరోగా ‘బ్యాడాస్ రవికుమార్’ వచ్చింది. అంటే హిమేశ్ నటించిన సినిమాకు హిమేశ్ పాటలే పోటీ. హాలీవుడ్ ‘ఇంటర్‌స్టెల్లార్’ కూడా ఐమాక్స్‌లో అదే రోజు తిరిగొచ్చింది. పెద్ద సినిమా ‘ఛావా’ 14వ తేదీకి ఉంది. మధ్యలో వారం రోజులు గట్టి పోటీ లేని మైదానం. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం 7వ తేదీనే నాగచైతన్య ‘తండేల్’ దిగడంతో ఇక్కడి స్క్రీన్లలో ఎక్కువ భాగం దానికే పోయాయి.

మొదటి రోజు నాలుగైదు కోట్ల నెట్ వచ్చింది. అంతకంటే చూడాల్సింది ఆ తర్వాతి రెండు రోజులు. శనివారం శుక్రవారాన్ని మించింది, ఆదివారం శనివారాన్ని మించింది. వారాంతానికి 15 కోట్ల దరిదాపుల్లోకి చేరింది. సోమవారం పడిపోయినా నేలకు తాకలేదు. అదే వారం, ఫిబ్రవరి 5న, అంటే సినిమా తొలి విడుదల తేదీనాడే, హీరోయిన్ పెళ్లి ఫొటోలు బయటికొచ్చి ఫోన్లలో తిరగడం ఎవరూ ప్లాన్ చెయ్యని పబ్లిసిటీ.

ప్రేమికుల దినోత్సవం ఈసారి రెండో శుక్రవారం పడింది. ఏ సినిమాకైనా రెండో శుక్రవారం గండం. కొత్తది వస్తుంది, పాతది షోలు కోల్పోతుంది. ఇక్కడ ‘ఛావా’ లాంటి భారీ సినిమా వచ్చి కూడా ఈ సినిమాను పూర్తిగా ఊడ్చెయ్యలేకపోయింది, ఆ రోజుకు జంటలు వెతుక్కున్న సినిమా ఇదే అయింది కాబట్టి. మొత్తం రన్ ముగిసేసరికి 30 కోట్ల నెట్ దాటి, ‘తుంబాడ్’ పెట్టిన రీరిలీజ్ రికార్డును వెనక్కి నెట్టింది.

ఎగ్జిబిటర్ గదిలో

పాత సినిమాకు ఎగ్జిబిటర్లు, అంటే థియేటర్ నడిపేవాళ్లు, మంచి షోలు ఎందుకిస్తారు? సమాధానం అభిమానంలో లేదు, సీట్ల లెక్కలో ఉంది. ఉదాహరణకు 200 సీట్ల ఆడిటోరియం. సాయంత్రం ఆటకు కొత్త సినిమా 250 రూపాయల టికెట్‌తో 30 మందిని రప్పిస్తే గ్రాస్ 7,500. అదే ఆటకు పాత సినిమా 150 టికెట్‌తో 120 మందిని రప్పిస్తే 18,000. ఏసీ, కరెంటు, సిబ్బంది, ప్రొజెక్టర్ లాంప్ ఖర్చు రెండింటికీ ఒకటే. పైగా 120 మంది ఇంటర్వెల్‌లో బయటికొస్తే పాప్‌కార్న్ కౌంటర్ మీద పడే డబ్బులో డిస్ట్రిబ్యూటర్‌కు వాటా లేదు, అంతా థియేటర్‌దే. మేనేజర్ శనివారం రాత్రి ఈ షీట్ చూసుకుని ఆదివారం షోలు మార్చేస్తాడు. 7వ తేదీన వచ్చిన కొత్త సినిమాల షోలు అలాగే కరిగి ఇటొచ్చాయి.

టికెట్ ధర తగ్గించడంలో ఇంకో కిటుకుంది. అప్పటి జీఎస్‌టీ వంద రూపాయల దగ్గర విరిగేది. అసలు ధర వంద లోపుంటే 12 శాతం, దాటితే 18. అందుకే రీరిలీజులకు 99, 112 లాంటి ధరలు కనిపించేవి. 112 అంటే వంద అసలు, పన్నెండు పన్ను. ధర ఒక్క రూపాయి పెంచితే పన్ను పై మెట్టుకు ఎక్కుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వంద లోపు పన్ను 5 శాతానికి తగ్గింది. అంటే చవక రీరిలీజుల వైపు తూకం ఇంకాస్త మొగ్గింది.

నిర్మాత వైపు ఖర్చు చూస్తే, రీల్ ప్రింట్ల రోజుల్లో ఇది కుదిరే పని కాదు. ఒక్కో ప్రింటు వేలల్లో, వందల ప్రింట్లు కొట్టాలి. ఇప్పుడు సినిమా డిజిటల్ ఫైలుగా వెళ్తుంది, కేడీఎం అనే డిజిటల్ తాళంచెవి పంపితే ఆ థియేటర్‌లో ఆ తేదీల మధ్య మాత్రమే తెరుచుకుంటుంది. గిరాకీ ఉన్నచోట రాత్రికి రాత్రి షోలు పెంచొచ్చు. సెన్సార్ కోసం మళ్లీ తిరగనక్కర్లేదు. సర్టిఫికెట్‌కు ఉన్న పదేళ్ల గడువును 2023 చట్ట సవరణ ఎత్తేసింది. నటుల పారితోషికం, షూటింగ్ ఖర్చు ఎప్పుడో రాసేసిన నష్టంలో పోయాయి. కాబట్టి 30 కోట్ల నెట్‌లో వచ్చే షేర్‌లో చాలా భాగం లాభమే. ఆ ఖర్చులన్నీ పెట్టి తీసిన కొత్త సినిమాకు 30 కోట్ల నెట్ వస్తే చాలాసార్లు నష్టమే మిగిలేది.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఈ లాభం చూసి ప్రతి పాత సినిమానూ దుమ్ము దులిపి వదలడంలో. టీవీలో నిన్ననే చూసిన హిట్‌కు, పాటలు ఎవరికీ గుర్తులేని ఫ్లాప్‌కు ఈ సూత్రం వర్తించదు. థియేటర్‌లో తగినంతమంది చూసి ఉండకూడదు, బయట తగినంతమంది ప్రేమించి ఉండాలి. రెండూ కలిసిన సినిమాలు చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి.

మన రీరిలీజులకూ దీనికీ తేడా

రీరిలీజ్ జాతర తెలుగువాళ్లకు ముందే తెలుసు. 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ 4కే షోలు, సెప్టెంబర్‌లో పవన్ కల్యాణ్ ‘జల్సా’, ఆ ఏడాది ఆఖరి రోజు ‘ఖుషి’. కానీ వీటి కొలత వేరు. అవి హీరో పండుగలు. పుట్టినరోజుకు ఒకట్రెండు రోజులు హాళ్లు దద్దరిల్లుతాయి, కాగితాలు ఎగురుతాయి, స్క్రీన్ ముందు డాన్సులు, మూడో రోజుకు పోస్టర్ దించేస్తారు. వసూళ్ల గీత మొదటి రోజే శిఖరం ఎక్కి అక్కడినుంచి లోయలోకి దూకుతుంది. ‘సనమ్ తేరీ కసమ్’ గీత పైకెక్కింది, తర్వాత నిదానంగా దిగింది. హీరోకు అభిమాన సంఘం లేదు, ఆ తేదీ ఎవరి పుట్టినరోజూ కాదు. జనం కథ కోసం, పాటల కోసం వచ్చారు.

దగ్గరి పోలిక వెతికితే ‘ఆరెంజ్’ దొరుకుతుంది. 2010 నవంబర్‌లో రామ్‌చరణ్ ‘మగధీర’ తర్వాత వచ్చిన సినిమా. అప్పుడు ఆడలేదు, నిర్మాత నాగబాబుకు పెద్ద దెబ్బ. హారిస్ జయరాజ్ పాటలు మాత్రం బతికాయి. ప్రేమ జీవితాంతం ఒకేలా ఉండదని హీరో చెప్పే మాట 2010లో చాలామందికి మింగుడుపడలేదు, పదేళ్ల తర్వాతి కుర్రాళ్లకు అది తమ మాటలా వినిపించింది. 2023 మార్చిలో చరణ్ పుట్టినరోజు సందర్భంగా మళ్లీ వేస్తే హాళ్లు నిండాయి, ‘రూబా రూబా’ను జనం తెరకంటే గట్టిగా పాడారు. ఫ్లాప్ ప్రేమకథ, బతికిన పాటలు, ఎదిగిన ప్రేక్షకుడు. ఈ మూడూ రెండు సినిమాలకూ ఉమ్మడివి. తేడా ఏమంటే ‘ఆరెంజ్’ వెనక స్టార్ ఉన్నాడు, ‘సనమ్ తేరీ కసమ్’ వెనక లేడు. అందుకే ట్రేడ్ రెండోదాన్ని చూసి ఎక్కువ ఆశ్చర్యపోయింది.

మరి సమీక్షలు తప్పాయా

2025లో సోషల్ మీడియా తీర్పు సులువుగా ఇచ్చేసింది: విమర్శకులు ఓడారు, ప్రేక్షకుడు గెలిచాడు. ఈ తీర్పులో ఒక గందరగోళం ఉంది. మేకోవర్ సూత్రం పాతది అన్న విమర్శ 2016లో ఎంత నిజమో ఇప్పుడూ అంతే. తమిళ కుటుంబ చిత్రణ మీద ఉన్న అభ్యంతరం ఒక్కటీ వసూళ్లతో చెరిగిపోలేదు. ఇంకా చెప్పాలంటే, తొమ్మిదేళ్లలో దక్షిణాది సినిమాలు ఉత్తరాదిలో ఆడుతున్నకొద్దీ అలాంటి చిత్రణ మరింత ఎబ్బెట్టుగా కనిపించాలి. ప్రేక్షకులు ఆ లోపాలను కాదనలేదు. అవి తమకు అడ్డం కాదన్నారు, అంతే.

సమీక్షకుడు గురువారమో శుక్రవారమో ఉదయం, కాఫీ చేతిలో, ఒంటరిగా, సినిమా ఎలా తీశారో చూస్తాడు. 2025 ప్రేక్షకుడు కథ చివర ఏమవుతుందో తెలిసి, ఏడవడానికే సిద్ధపడి, పక్కన స్నేహితులతో వస్తాడు. మొదటివాడికి విషాదం మీద విషాదం అతి. రెండోవాడు డబ్బిచ్చింది దానికే. హాల్లో కళ్లు తుడుచుకుంటున్నవాళ్ల వీడియోలు ఆ వారమంతా తిరిగాయి. అలా ఏడవడం ఒక సామూహిక కార్యక్రమం అయినప్పుడు నిడివి కూడా లోపం కాదు.

అయితే విమర్శ వైపు ఒక పొరపాటు ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. ఆ కాలంలో హిందీ విమర్శ మెలోడ్రామా అనగానే పాతచింతకాయ పచ్చడి అనేసే అలవాటులో పడింది. మల్టీప్లెక్స్ నగర ప్రేక్షకుడి రుచే కొలమానమైంది. హిందీ పరిశ్రమ కూడా ఆ కొలమానాన్ని నమ్మి, ఏడిపించే ప్రేమకథలను తీయడం తగ్గించింది. సరఫరా ఆగింది కానీ గిరాకీ పోలేదు. 2025లో కొత్త హిందీ ప్రేమకథ దొరకని చోట పాతదే అమ్ముడుపోవడానికి అసలు కారణం ఈ ఖాళీ.

తర్వాత ఏం జరిగింది

అదే ఏడాది జూలై 18న మోహిత్ సూరి ‘సైయారా’ వచ్చింది. కొత్త జంట, జబ్బుపడే హీరోయిన్, పాటల మీద నిలబడ్డ కథ. దేశంలోనే 300 కోట్ల నెట్ దాటింది. ‘సనమ్ తేరీ కసమ్’ వల్లే అది ఆడిందనడం తొందరపాటు, ఎందుకంటే ఫిబ్రవరికే ఆ సినిమా నిర్మాణంలో ఉంది. రెండూ ఒకే ఖాళీని చూపించాయి అనడం వరకే సబబు. హర్షవర్ధన్ రాణేకు మాత్రం నేరుగా ఫలితం దక్కింది. అక్టోబర్ 21న దీపావళికి, ‘థామా’ లాంటి పెద్ద సినిమాకు ఎదురుగా ‘ఏక్ దీవానే కీ దీవానియత్’ వచ్చి హిట్టయింది. తొమ్మిదేళ్ల క్రితం ఓపెనింగ్స్ లేని హీరోకు ఇప్పుడు పండుగ విడుదల ఇచ్చే ధైర్యం డిస్ట్రిబ్యూటర్లకు ఆ ఫిబ్రవరి అంకెలే ఇచ్చాయి.

సీక్వెల్ సంగతి వేరే మలుపు తీసుకుంది. రీరిలీజ్‌కు ముందే, 2024లోనే, రెండో భాగం ప్రకటించారు. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి, దాని వెంట భారత్, పాకిస్తాన్ ఉద్రిక్తత. మే నెలలో, పాత తారాగణమే ఉంటే తాను సీక్వెల్ చెయ్యనని హర్షవర్ధన్ బహిరంగంగా చెప్పాడు. కొన్ని మ్యూజిక్ యాప్‌లలో పాటల పోస్టర్ మీంచి హీరోయిన్ బొమ్మ మాయమైంది. 2016 సెప్టెంబర్‌లో ఉరీ దాడి తర్వాత పాకిస్తానీ కళాకారులను తీసుకోకూడదని నిర్మాతల సంఘం తీర్మానించినప్పుడు ఈ సినిమా అప్పటికే థియేటర్లు దాటిపోయింది కాబట్టి దెబ్బ తగల్లేదు. రీరిలీజ్ కూడా రెండున్నర నెలలు ఆలస్యమై ఉంటే బయటికొచ్చేదే కాదు.

కథ ప్రకారం హీరోయిన్ మొదటి భాగంలోనే చనిపోయింది గనక తారాగణం చిక్కు పెద్దది కాకపోవచ్చు. చిక్కు ఖర్చుల దగ్గరే వస్తుంది. రెండో భాగానికి 112 రూపాయల టికెట్ ఉండదు, తొమ్మిదేళ్లు నానిన పాటలుండవు, ఖాళీ వారం ఉంటుందన్న హామీ లేదు. పారితోషికాలు, షూటింగ్, పబ్లిసిటీ అన్నీ మళ్లీ మొదటి రూపాయి నుంచి పెట్టాలి. ఆ బడ్జెట్ కాగితం మీద రీరిలీజ్ అంకెను ఓపెనింగ్స్ కింద రాసుకున్నవాళ్లు 2016 ఫిబ్రవరి 5 నాటి అంకెను కూడా పక్కనే రాసుకోవాల్సి ఉంటుంది.